ఒకే డాలర్ గుర్తు, ఇద్దరు హక్కుదారులు

ఒక వెబ్ పేజీలో ఇలాంటి జావాస్క్రిప్ట్ వరుస ఉందనుకుందాం: ముందు డాలర్ గుర్తు, బ్రాకెట్లలో 'మెనూ' అనే మాట, ఆ పైన చుక్క పెట్టి హైడ్. ప్రోటోటైప్ లైబ్రరీ దీన్ని ఒక రకంగా చదువుతుంది: మెనూ అనే ఐడీ ఉన్న ఎలిమెంట్‌ని పట్టుకుని దాచు. జేక్వెరీ అనే లైబ్రరీ ఇంకో రకంగా చదువుతుంది: పేజీలో మెనూ అనే ట్యాగులు ఎన్ని ఉంటే అన్నిటినీ దాచు. అక్షరం మారలేదు, చదివేవారు మారారు. ప్రోటోటైప్ కోసం రాసిన ఆ వరుస జేక్వెరీ చేతిలో పడితే అలాంటి ట్యాగు సాధారణంగా ఒక్కటీ దొరకదు. దొరకలేదన్న కబురు కూడా బయటికి రాదు. ఖాళీ జాబితా మీద హైడ్ నడిచిపోతుంది, మెనూ మాత్రం తెర మీద అలాగే ఉంటుంది.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. జేక్వెరీ కోసం మెనూ ముందు క్లాసు గుర్తుగా చుక్క పెట్టి రాసిన వరుస ప్రోటోటైప్‌కి చిక్కింది. చుక్కతో సహా అదే ఐడీ అనుకుని వెతుకుతుంది. ఉండదు కాబట్టి నల్ ఇస్తుంది. నల్ మీద హైడ్ అనగానే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది, కన్సోల్‌లో ఎర్ర వరుస పడుతుంది.

రెండు లైబ్రరీలనూ పక్కపక్కన పెట్టి చదవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు దొరకలేదు. జేక్వెరీని లక్షల మంది ఇష్టపడటానికి ఆ మౌనం ఒక కారణం. ఎలిమెంట్ ఉందో లేదో ముందుగా చూసుకోనక్కర్లేదు, వెతికినది లేకపోయినా పేజీ కూలదు. ఒంటరిగా ఉన్నంతకాలం అది సుఖమే. పక్కన ఇంకో లైబ్రరీ చేరినప్పుడు మాత్రం తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే నోరు లేకుండా పోతుంది. ప్రోటోటైప్ కేక పెట్టి ఆగిపోవడం చూడటానికి మొరటుగా ఉంటుంది కానీ ఆ కేక విని అరగంటలో తప్పు పట్టుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో నా ఓటు ప్రోటోటైప్‌కే.

ప్రోటోటైప్ 2005 ఫిబ్రవరిలో మొదలైంది. రూబీ ఆన్ రైల్స్‌కి అజాక్స్ తోడు కావడానికి శామ్ స్టీఫెన్సన్ రాశాడు. ఈచ్, కలెక్ట్, ఇంజెక్ట్ అంటూ రూబీలో జాబితాల మీద నడిచే క్రియలన్నీ జావాస్క్రిప్ట్ అరేల మీదికి వచ్చి కూర్చున్నాయి. ఐడీతో ఎలిమెంట్‌ని తెచ్చే బారెడు పేరున్న ఫంక్షన్‌ని డాలర్ గుర్తుకు కుదించింది కూడా ఈ లైబ్రరీయే. జేక్వెరీని జాన్ రెసిగ్ 2006 జనవరిలో న్యూయార్క్ బార్‌క్యాంప్‌లో బయటపెట్టాడు. 1.0 అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. సీఎస్ఎస్ సెలెక్టర్ రాయడం వచ్చినవారు కొత్త పాఠం చదవకుండానే పేజీని కదిలించవచ్చన్నది దాని పట్టు. దానికీ పిలుపు పేరు డాలర్ గుర్తే. అసలు పేరు మాత్రం జేక్వెరీ అని వేరే ఉంది. అసలు పేరు, పిలుపు పేరు రెండూ ఉండటం తర్వాత దాన్ని ఎలా కాపాడిందో ముందు ముందు చూస్తాం.

ఆ గుర్తు కోసమే అంత పోటీ ఎందుకు? జావాస్క్రిప్ట్‌లో పేరుకు పనికొచ్చే అక్షరేతర గుర్తులు రెండే: డాలర్, అండర్‌స్కోర్. అక్షరం కాని ఒకే గుర్తుతో పేరు కావాలంటే ఆ రెండిటి దగ్గరికే రావాలి. డాలర్ కోసం వీళ్లు తగవు పడితే, అండర్‌స్కోర్ కోసం ఆ పేరుతోనే 2009లో వచ్చిన లైబ్రరీ, దాని బాటలో వచ్చిన లోడాష్ తగవు పడ్డాయి. 1999లో అచ్చయిన, జావాస్క్రిప్ట్‌కి ఆధారమైన ఈసీఎంఏ ప్రమాణం మూడో కూర్పులో డాలర్ గుర్తును యంత్రాలు పుట్టించే కోడ్‌కే ఉద్దేశించామని రాసి ఉంది. మనుషులు ఆ మాట పట్టించుకోలేదు. అన్నట్టు, అదే ప్రమాణం ప్రకారం పేర్లకు తెలుగు అక్షరాలూ చెల్లుతాయి. ఒక ఫంక్షన్‌కి 'అ' అని పేరు పెడితే ఏ బ్రౌజరూ కాదనదు. ఆ పేరు కోసం మాత్రం ఇంతవరకు ఎవరూ పోట్లాడుకోలేదు.

తగవు జరిగే చోటును కాస్త చూడాలి. స్క్రిప్టు ట్యాగుల్లో వచ్చే లైబ్రరీలన్నీ విండో అనే ఒకే ఊరుమ్మడి స్థలంలో తమ పేర్లు నాటుతాయి. అక్కడ కాపలా లేదు. తర్వాత వచ్చినవాడు ముందువాడి పలకను పీకి తన పలక పెట్టుకుంటే అడిగేవారుండరు. కాబట్టి ఏ ట్యాగు ముందు, ఏది వెనక అన్న వరుసే పేజీ జాతకం.

ఇక్కడ జేక్వెరీ చేసిన పని నాకు చాలా ఇష్టం. లోడ్ అవుతూనే, తాను డాలర్ గుర్తును తీసుకోకముందు, అప్పటికి అక్కడ ఎవరున్నారో ఒక పక్కన దాచుకుంటుంది. జేక్వెరీ అన్న పేరు కింద ఎవరైనా ఉన్నారేమో దాన్నీ దాస్తుంది. అంతా కలిపి రెండు వరుసలు. తర్వాత ఎవరైనా నోకాన్‌ఫ్లిక్ట్ అని పిలిస్తే డాలర్ గుర్తును పాత హక్కుదారుకి అప్పగించి, తాను పూర్తి పేరుతో బతుకుతుంది. ట్రూ అని కూడా చెబితే ఆ పూర్తి పేరునూ వదిలేస్తుంది. అప్పుడు మనం దాన్ని ఏ పేరున పట్టుకుంటే అదే దాని పేరు. తర్వాతి కూర్పుల్లో ఇంకో జాగ్రత్త కూడా చేరింది: డాలర్ గుర్తు ఇప్పటికీ తన దగ్గరే ఉంటేనే వెనక్కి ఇస్తుంది, ఈలోగా మూడోవాడు తీసుకుని ఉంటే ముట్టుకోదు. తాను రాకముందు ఇక్కడ మనుషులున్నారని, తాను వెళ్లాక కూడా ఉంటారని గుర్తుపెట్టుకుని రాసిన కోడ్ ఇది.

ప్రోటోటైప్‌లో ఇలాంటి ఏర్పాటు లేదు. అది పుట్టిన నాటికి పక్కన పోటీదారు లేడు, నిజమే. కానీ తర్వాత పదేళ్లపాటు కూర్పులు వస్తూనే ఉన్నా ఆ రెండు వరుసలు చేరలేదు. పేజీ మొత్తం తనదే అన్న నమ్మకంతో రాసిన లైబ్రరీకి తప్పుకోవడం అనే ఆలోచనే రాదు.

కాబట్టి సర్దుబాటు పని జేక్వెరీ వైపే పెరిగింది. జేక్వెరీని ఆర్గ్యుమెంట్‌గా అందుకుని, దాన్ని లోపల డాలర్ అని పిలుచుకునే ఫంక్షన్‌లో తన కోడంతా కప్పి రాయడం ప్లగిన్లు రాసేవారికి అలవాటైంది. ఆ గోడ లోపల డాలర్ ఎవరిదో సందేహం ఉండదు, బయట ఎవరిదైనా పట్టింపు లేదు. వర్డ్‌ప్రెస్ తనతో ఇచ్చే జేక్వెరీని నోకాన్‌ఫ్లిక్ట్‌లోనే ఇస్తుంది, డ్రూపల్ 7 కూడా ఈ దారే పట్టింది. వర్డ్‌ప్రెస్ థీమ్‌లో మొదటిసారి డాలర్ గుర్తు రాసి, అలాంటి ఫంక్షనే లేదన్న ఎర్రర్ చూడని కుర్రవాళ్లు తక్కువ. వాళ్లలో చాలామంది గోడ కట్టడం బదులు జేక్వెరీ ఇంకో ప్రతిని పేజీలో ఎక్కించేస్తారు. ఇది చాలా పెద్ద తప్పు. రెండో ప్రతి అసలు పేరునూ పిలుపు పేరునూ రెండిటినీ లాక్కుంటుంది. మొదటి ప్రతికి తగిలించిన ప్లగిన్లు దానితోనే ఉండిపోతాయి. స్లైడర్ ఫైలు వచ్చింది, నెట్‌వర్క్ ట్యాబ్‌లో పచ్చగా కనిపిస్తోంది, అయినా స్లైడర్ అనే ఫంక్షన్ లేదంటుంది పేజీ. ఉంది, వేరే జేక్వెరీ దగ్గర ఉంది. రెండు ప్రతులు తప్పనిసరి అయితే ఒక ప్రతి, వెంటనే దాని ప్లగిన్లు, ఆ తర్వాత ట్రూతో నోకాన్‌ఫ్లిక్ట్ పిలిచి ఆ ప్రతికి వేరే పేరు, అప్పుడు రెండో ప్రతి. ఈ వరుస తప్పకూడదు.

ఇంతవరకు చెప్పింది పేరు తగవు. ఈ రెండు లైబ్రరీల మీద రాసేవారు చాలామంది ఇక్కడితో ఆగుతారు, నోకాన్‌ఫ్లిక్ట్ పిలిస్తే శాంతి అంటారు. నేనూ కొన్నేళ్లు అలాగే అనుకున్నాను. నా అభిప్రాయం మార్చింది ఒక బట్టల దుకాణం సైటు.

హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేసేటప్పుడు ఆ సైటు నా చేతికి వచ్చింది. మజెంటో మొదటి కూర్పు మీద కట్టారు. మజెంటో 1 లోపల కార్ట్, చెకౌట్ అన్నీ ప్రోటోటైప్ మీదే నడుస్తాయి. కొత్త డిజైన్ బూట్‌స్ట్రాప్ 3లో వచ్చింది, దానికి జేక్వెరీ కావాలి. ప్రోటోటైప్ ముందు పెట్టాం, జేక్వెరీ తర్వాత, వెంటనే నోకాన్‌ఫ్లిక్ట్. డాలర్ గుర్తు ప్రోటోటైప్‌కి తిరిగి వెళ్లింది, కార్ట్ పనిచేసింది, చెకౌట్ పనిచేసింది. పై మెనూలో 'చీరలు' నొక్కితే జాబితా చక్కగా దిగింది. పేజీలో వేరేచోట నొక్కితే జాబితా మూసుకోవాలి కదా, మూసుకుంది. దానితోపాటు 'చీరలు' అన్న మాట కూడా మెనూలోంచి మాయమైంది. ఎర్రర్ లేదు. పేజీ మళ్లీ తెరిస్తే తిరిగి వస్తుంది, నొక్కి మూస్తే మళ్లీ పోతుంది.

రెండు రోజులు పట్టింది నాకు. జేక్వెరీలో ట్రిగర్ అనే ఫంక్షన్ ఒక ఈవెంట్‌ని లేపుతుంది. వినేవాళ్లందరికీ చెప్పాక ఇంకో పని చేస్తుంది: ఎలిమెంట్‌కి ఆ ఈవెంట్ పేరుతోనే సొంత మెథడ్ ఉంటే దాన్నీ పిలుస్తుంది. సబ్మిట్, ఫోకస్ లాంటివి నిజంగా జరగడానికి అది అవసరం. బూట్‌స్ట్రాప్ జాబితాను మూసేముందు దాని తల్లి ఎలిమెంట్ మీద హైడ్ అనే ఈవెంట్ లేపుతుంది. మామూలు పేజీలో ఎలిమెంట్లకు హైడ్ అనే సొంత మెథడ్ ఉండదు కాబట్టి ఏమీ కాదు. ప్రోటోటైప్ ఉన్న పేజీలో ఉంటుంది. ఎందుకంటే ప్రోటోటైప్ బ్రౌజరు సొంత ఎలిమెంట్లకే హైడ్, షో, అప్‌డేట్ లాంటివి అతికిస్తుంది. జేక్వెరీ మర్యాదగా తన పని చేసింది, బూట్‌స్ట్రాప్ మర్యాదగా తన పని చేసింది, 'చీరలు' మాయమైంది. డాలర్ గుర్తుకు ఇందులో ప్రమేయమే లేదు.

ఈ రెండిటి మధ్య అసలు తేడా ఇదని అప్పుడు అర్థమైంది. అద్దె ఇంట్లో దిగినవాళ్లలో ఒకరు తమ బీరువా తెచ్చుకుని గోడకు ఆనించి పెట్టుకుంటారు. ఇంకొకరు గోడలోకే మేకులు దిగ్గొడతారు. జేక్వెరీ ఎలిమెంట్‌ని ముట్టుకోకుండా దాని చుట్టూ తన తొడుగు వేస్తుంది. హైడ్, షో అన్నీ ఆ తొడుగుకే ఉంటాయి. ప్రోటోటైప్ భాషలోని అరే, స్ట్రింగ్, ఫంక్షన్‌ల మూల నమూనాలకే కొత్త మెథడ్లు తగిలిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఆ మూల నమూనాను ప్రోటోటైప్ అనే అంటారు కాబట్టి, లైబ్రరీ పేరులోనే దాని ఉద్దేశం ఉంది. బీరువా తీసుకెళ్లమని అడగవచ్చు, నోకాన్‌ఫ్లిక్ట్ అంటే అదే. మేకులు దిగిన గోడకు అలాంటి పిలుపు లేదు.

ఆ మేకులకు చొక్కాలు చిరిగిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. అరే మీద ఫర్-ఇన్ లూప్ నడిపితే విలువలతోపాటు ప్రోటోటైప్ తగిలించిన మెథడ్లు కూడా వరుసలో వచ్చి నిలబడతాయి. లూప్ అలా రాయడమే తప్పని ప్రోటోటైప్ పక్షం వాదించింది. మాట సరైనదే, కానీ ఎవరో రాసిన మూడో లైబ్రరీని దిద్దే వీలు పేజీ కట్టేవాడికి ఎక్కడిది? 1.7కి ముందు కూర్పులు అరేలకు టూజేసన్ అనే మెథడ్ కూడా ఇచ్చాయి. తర్వాత బ్రౌజర్లలోకే జేసన్ వచ్చినప్పుడు దాని స్ట్రింగిఫై ఆ మెథడ్‌ని చూసి పిలిచింది. అది ఇచ్చిన స్ట్రింగ్‌కి మళ్లీ కొటేషన్లు వేసింది. సర్వర్‌కి వెళ్లాల్సిన జాబితా కొటేషన్లలో చుట్టిన ఒక మాటగా వెళ్లింది. క్లాసు పేరుతో ఎలిమెంట్లు తెచ్చే ఫంక్షన్‌దీ ఇదే కథ. పాత ప్రోటోటైప్ దాన్ని డాక్యుమెంట్‌కే అతికించి, ఈచ్ ఉన్న అరే ఇచ్చేది. 2008 నాటికి బ్రౌజర్లు అదే పేరుతో సొంతది ఇచ్చాయి, అందులో ఈచ్ లేదు. నిన్నటిదాకా నడిచిన పేజీలు బ్రౌజరు కొత్తదైన రోజున ఆగిపోయాయి.

ఇంత చెప్పాక కూడా ప్రోటోటైప్ కోడ్ చదవడంలో ఉన్న ఆనందాన్ని దాచలేను. అరే పక్కనే చుక్క పెట్టి ఈచ్ అనడం, స్ట్రింగ్ పక్కనే చుక్క పెట్టి స్ట్రిప్ అనడం, భాషకు పుట్టుకతోనే ఆ మాటలు ఉన్నట్టు ఉంటుంది. జేక్వెరీలో అదే పని డాలర్ డాట్ ఈచ్ అని, అరేను లోపలికి పంపి చేయాలి. క్రియ ముందు, వస్తువు వెనక. ప్రోటోటైప్ వాక్యం వస్తువు దగ్గర మొదలై క్రియ దగ్గర ముగుస్తుంది, మన తెలుగు వాక్యంలాగా. దాని చూపు ఎంత సరైనదో 2009లో ఈసీఎంఏ ప్రమాణం ఐదో కూర్పు నిరూపించింది. ఫంక్షన్‌ని ఒక ఆబ్జెక్ట్‌కి కట్టిపడేసే బైండ్‌ని జనానికి అలవాటు చేసింది ప్రోటోటైప్. అది ఆ పేరుతోనే భాషలో కలిసింది. రుచి విషయంలో, భాష ఎటు పెరగాలో ఊహించడంలో రెసిగ్ లైబ్రరీ కన్నా ఇది ఒక మెట్టు పైన ఉందని నా అంచనా.

అయితే ఆ దారికి మూల్యం చెల్లించింది కూడా భాషే. ప్రోటోటైప్ దారిలోనే నడిచిన మూటూల్స్‌ను వలేరియో ప్రోయెట్టి 2006లో తెచ్చాడు. అది అరేలకు ఫ్లాటెన్ అనే మెథడ్ తగిలించింది. 2018లో జావాస్క్రిప్ట్ ప్రమాణ సంఘం టీసీ39 అదే పేరుతో అసలు మెథడ్ తేబోతే, పాత మూటూల్స్ ఉన్న సైట్లు విరుగుతున్నాయని తేలింది. కారణం చాలా సూక్ష్మం. మూటూల్స్ తాను అరేకు తగిలించిన మెథడ్లను ఫర్-ఇన్ లూప్‌తో ఏరి, తన ఎలిమెంట్ల జాబితాకు నకలు చేస్తుంది. భాషలో పుట్టిన మెథడ్లు ఆ లూప్‌కి కనబడవు, వాటిమీద తిరగరాసినా కనబడవు. బ్రౌజరులో అసలు ఫ్లాటెన్ ఉంటే మూటూల్స్ ఫ్లాటెన్ లూప్‌కి చిక్కక నకలు కాకుండా పోతుంది, దాన్ని పిలిచిన పేజీ విరుగుతుంది. చివరికి సంఘమే తగ్గి ఫ్లాట్ అని పేరు పెట్టింది. 2019 ప్రమాణంలో మనకున్నది ఆ పేరే. అంతకుముందు కంటైన్స్ అనాల్సిన మెథడ్ కూడా మూటూల్స్ వల్లే ఇంక్లూడ్స్ అయింది. పన్నెండేళ్ల నాటి మేకు ఒకటి గోడ కట్టే మేస్త్రీనే పక్కకు జరిపింది. జేక్వెరీ ఊహలూ బ్రౌజర్లలోకి చేరాయి: సెలెక్టర్‌తో వెతకడం, క్లోజెస్ట్, క్లాసులు కలపడం తీయడం. అవి వచ్చినప్పుడు జేక్వెరీ ఉన్న పేజీలు ఇలా కూలలేదు, ఎందుకంటే దాని మెథడ్లు దాని తొడుగు మీదే ఉన్నాయి.

జేక్వెరీ ఇంట్లో తగవులు లేవని కాదు. ప్లగిన్లన్నీ చేరేది దాని ఎఫ్ఎన్ అనే ఒకే గదిలోకి. జేక్వెరీ యూఐ బటన్, టూల్‌టిప్ అనే పేర్లు పెట్టుకుంది. బూట్‌స్ట్రాప్ కూడా అవే పేర్లు పెట్టుకుంది. రెండూ ఉన్న పేజీలో మళ్లీ వెనక వచ్చినవాడిదే రాజ్యం. బూట్‌స్ట్రాప్ తన ప్రతి ప్లగిన్‌కీ ఒక నోకాన్‌ఫ్లిక్ట్ ఇవ్వాల్సి వచ్చింది. వీధిలో తీర్చిన తగవు ఇంటి లోపల మొదలైంది.

మూడో దారి ఒకటి ఉంది. తాతల పేర్లు మనవలకు పెట్టే మన ఊళ్లలో ఒకే వీధిలో నలుగురు వెంకటేశ్వర్లు ఉండటం మామూలే. ఇంటిపేరు ముందు చేర్చి పిలిస్తే చిక్కు వీడిపోతుంది. 2006లో యాహూ బయటికిచ్చిన వైయూఐ పట్టింది ఆ పద్ధతినే. ప్రతి ఫంక్షన్ పేరుకూ ముందు యాహూ అన్న ఇంటిపేరు, తర్వాత విభాగం, ఆ తర్వాత పేరు. తగవు లేదు, కానీ రోజంతా మనిషిని పూర్తి పేరుతో పిలవడమంత అలసట. 2009 నాటి మూడో కూర్పులో దాన్నీ సవరించారు: కావలసిన భాగాలు చెబితే లైబ్రరీ వాటిని వై అనే పొట్టి పేరుతో మీ ఫంక్షన్ లోపలికే తెచ్చి ఇస్తుంది, ఊరుమ్మడి స్థలంలో నాటే పలకలు దాదాపు ఉండవు. ఈ మూడిటిలో పొరుగువారి గురించి లోతుగా ఆలోచించింది ఇదే. 2014లో యాహూ దాని పని ఆపేసింది. నేర్చుకోవడం కష్టమైన లైబ్రరీ, దాన్ని ప్రేమించినవారు తక్కువ.

ప్రోటోటైప్‌ను దాని పుట్టింటివారే అంతకుముందు వదిలేశారు. 2011లో రైల్స్ 3.1 జేక్వెరీకి మారింది. 2015లో వచ్చిన మజెంటో 2 దుకాణం ముంగిట జేక్వెరీని, దాన్ని వరుసగా తెచ్చిపెట్టే రిక్వైర్‌జేఎస్‌ను పెట్టింది. మజెంటో 1 మీదున్న ఆ బట్టల సైటులో మాత్రం నేను చేసింది చిన్న మరమ్మతే. ఎలిమెంట్ల మీద ప్రోటోటైప్ హైడ్‌ని చిన్న తొడుగులో పెట్టి, పిలుపు బూట్‌స్ట్రాప్ ఈవెంట్ నుంచి వస్తే ఏమీ చేయకుండా తిరిగి వెళ్లేలా రాశాను. 'చీరలు' మెనూలో నిలబడింది.

ఇప్పుడు కొత్త పేజీలకు మాడ్యూళ్లున్నాయి. 2015 ప్రమాణంలో వచ్చి, 2017, 2018ల్లో పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ చేరాయి. మాడ్యూలులో పెట్టిన పేరు ఊరుమ్మడి స్థలంలోకి రాదు. తెచ్చుకునేవాడు జేక్వెరీని డాలర్ అనుకోవచ్చు, 'అ' అనుకోవచ్చు. లైబ్రరీకి పేరు పెట్టే హక్కు లైబ్రరీ రాసినవాడి నుంచి పేజీ కట్టేవాడికి మారింది. నోకాన్‌ఫ్లిక్ట్ రెండు వరుసల్లో అడిగితే రెసిగ్ ఇచ్చిన హక్కు, ఇక్కడ అడగకుండానే వచ్చింది. మేకుల సంగతి మాత్రం మాడ్యూలు ఎత్తుకోలేదు. పేజీలో ఎన్ని మాడ్యూళ్లున్నా అరే మూల నమూనా ఒక్కటే. ఒక మాడ్యూలు మూసిన తలుపు వెనక కూర్చుని దానికి కొత్త మెథడ్ తగిలిస్తే, ఆ మాడ్యూలు పేరైనా వినని పక్క మాడ్యూలు తెరిచే ప్రతి అరేకూ అది ఉంటుంది.